దుబాసీలు, కోర్టులు, మన మాట

సంపాదకులు ఈసారి కూడా వైద్యవిషయమే ఏదైనా రాయమన్నారు. రక్తపోటు గురించీ, మధుమేహం గురించీ కిందటి సంచికల్లో చాలినంత రాశాం. అందుచేత ఈసారి మాకు అధికారం లేని విషయం ఒకటి ఎత్తుకుంటున్నాం. దానికి కారణం మేము చేసిన ఒక తప్పు. పాఠకులు ముందు ఆ సంగతి విని, తరువాత మన్నించదగితే మన్నించాలి.

మా ఊళ్లో ఒక పెద్దాయన ఉన్నారు. ఒంగోలు దగ్గరి పల్లె నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మేమంతా ఆయన్ని బాబాయిగారూ అని పిలుస్తాం. తమ ప్రాంతం కుర్రవాడొకడు పచారీకొట్టు పెట్టుకుంటానంటే ఆయన నాలుగువేల డాలర్లు చేబదులు ఇచ్చారు. కాగితం లేదు. కొట్టు మూతబడింది, డబ్బు తిరిగి రాలేదు, చివరకు వ్యవహారం చిన్న దావాల కోర్టుకు ఎక్కింది. విచారణకు ముందు ఇరుపక్షాలనూ ఒక గదిలో కూర్చోబెట్టి, మధ్యవర్తి ఎదుట రాజీకి ప్రయత్నించమన్నారు. కుర్రవాడికి ఇంగ్లీషు బాగా వచ్చు. బాబాయిగారికి రాదు. కొడుకే తండ్రి మాట అనువదిస్తే బాగుండదన్నారు. ఆ విధంగా ఆ పని మా మీద పడింది.

మధ్యవర్తి ఒక అమెరికన్ మహిళ, నెమ్మదస్తురాలు. ఆమె అడిగినది ఒకటే ప్రశ్న. ఇచ్చిన డబ్బు అప్పా, బహుమానమా, లేక వ్యాపారంలో వాటాయా? బాబాయిగారు పావుగంట సేపు చెప్పారు. కుర్రవాడి తాత తనకెలా తెలుసో చెప్పారు. ఏ రోజున ఇంటికి వచ్చాడో, వచ్చినప్పుడు ఏం తిన్నాడో, డబ్బు ఎవరి ఎదుట లెక్కపెట్టారో చెప్పారు. ‘మావాడే గదా అని ఇచ్చాను’ అని ముగించారు. మేము రోజూ రోగుల కథలు విని నాలుగు వాక్యాల్లో కేసు చరిత్ర రాసేవాళ్లం. అలవాటు చొప్పున, ‘ఈ యువకుడు తమ కుటుంబంలోని వాడు కనుక నమ్మకంతో ఇచ్చానంటున్నారు’ అని తేల్చేశాం. కుటుంబంలోని వాడికి ఇచ్చినదైతే అది సహాయమే అయి ఉండవచ్చునని అవతలి పక్షం వెంటనే అందుకుంది. ఆనాటికి రాజీ కుదరలేదు.

కారు దగ్గరకు నడుస్తూ బాబాయిగారు అడిగారు: ‘నేను పావుగంట చెబితే నువ్వు ఒక్క ముక్కలో తేల్చావేం, డాక్టరుబాబూ?’

సారం అదేగదా బాబాయిగారూ, అన్నాం.

‘సారం ఏదో తేల్చవలసింది నువ్వా, ఆవిడా?’ అన్నారాయన.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆయన చెప్పినదంతా మళ్లీ గుర్తు తెచ్చుకుంటే, మేము ఊసుపోక కబుర్లని వదిలేసిన వాటిలో ఒక వాక్యం దొరికింది. ‘సంక్రాంతికి ఇచ్చేస్తానన్నాడు, వడ్డీ వద్దురా అబ్బాయ్, అసలు ఇస్తే చాలన్నాను.’ అప్పు అనడానికి ఇంతకన్న రుజువేం కావాలి? అది మా నోటి దగ్గరే ఆగిపోయింది.

ఇలా కోర్టుకీ మనిషికీ మధ్య నిలబడి మాట మోసే పని తెలుగువాళ్లకు కొత్తది కాదు. దాదాపు రెండు వందల ఏళ్ల పాటు మద్రాసులో అది మనవాళ్లకు జీవనాధారమే. అందులో కొందరు అపకీర్తి మూటగట్టుకున్నారు, కొందరు చిరకాలం నిలిచే గౌరవం సంపాదించారు. ఆ చరిత్ర తెలిసినంత మేరకు మనవి చేస్తాం.

1639లో ఈస్టిండియా కంపెనీవారు దామెర్ల నాయకుల వద్ద స్థలం పొందారు, తరువాత మద్రాసులో కోట కట్టడం ఆరంభించారు. వచ్చిన దొరలకు ఇక్కడి భాషలు రావు. వర్తకం సాగాలంటే రెండు భాషలు తెలిసినవాడు కావాలి. అతడే ద్విభాషి, జనం నోట దుబాసీ అయ్యాడు. తొలినాళ్ల దుబాసీలలో పేరుపొందిన బేరి తిమ్మన్న తెలుగువాడు. మద్రాసు ఆంగ్లేయులు తెలుగువారిని ‘జెంటూ’లనీ, తెలుగును జెంటూ భాష అనీ అనేవారు. సరుకు బేరం చేసేవాడే తగాదాలో దొర చెవి, దొర నోరు కూడా అయ్యాడు. దొరకు జనం గోడు దుబాసీ చెప్పినంతే తెలిసేది. జనానికి దొర ఉత్తరువు దుబాసీ చెప్పినట్టే తెలిసేది. అంత అధికారం ఏ సన్నదులోనూ రాసి ఉండదు.

ఆ అధికారం ఎంత చెడ్డదారి పట్టవచ్చునో చూపినవాడు అవధానం పాపయ్య. 18వ శతాబ్దం చివర హాలండ్ సోదరులు ఒకరి తరువాత ఒకరు మద్రాసులో గవర్నరు గిరీ వెలగబెట్టినప్పుడు పాపయ్య వారి దుబాసీ. కంపెనీ ఉద్యోగి డేవిడ్ హాలిబర్టన్ మీద కుట్ర పన్నాడన్న నేరానికి 1792లో అతణ్ణి విచారించి శిక్షించారు. ఆ విచారణ పుస్తకంగా కూడా అచ్చయింది. తరువాత వాల్టర్ స్కాట్ తన నవలొకదానిలో అతణ్ణి పాత్రగా పెట్టాడు. మద్రాసు చూలై ప్రాంతంలో అతని పేర ఒక వీధి కూడా ఉంది. పాపయ్య దొరల నేరాలకు కూడా బాధ్యుడయ్యాడేమో, అది వేరే చర్చ. కాని ఇరుపక్షాల భాషా తనకొక్కడికే తెలిసినవాడు, ఇరుపక్షాలకూ జవాబు చెప్పనక్కరలేని స్థితిలో ఉన్నప్పుడు ఏమవుతుందో అతని కథ చెబుతుంది.

భాష ఒక్కటే అడ్డంకి అయితే నిఘంటువుతో పని తీరిపోవును. ఆచారం అంతకన్న గట్టి అడ్డంకి. మద్రాసులో 1688లోనే మేయరు కోర్టు వెలిసింది. 1726 నాటి రాజపత్రంతో అది ఇంగ్లండు రాజు కోర్టు అయింది. సాక్ష్యం చెప్పేవాడు ప్రమాణం చేయాలి గదా. క్రైస్తవుడికి బైబిలు ఉంది. హిందువుకు ఏమిటి? గుడిలో ప్రమాణం చేయాలన్నారు. దానికి పగోడా ప్రమాణమని పేరు. 1736లో ఇద్దరు హిందూ వర్తకులు అది తమ కులమర్యాదకు విరుద్ధమని నిరాకరించారు. కోర్టు వారిని ఖైదు చేసింది. పట్టణంలో అలజడి రేగితే గవర్నరూ కౌన్సిలూ కలగజేసుకొని వారిని విడిపించవలసి వచ్చింది.

ఆ జడ్జీల దృష్టిలో ప్రమాణం సత్యానికి కట్టుబాటు. మన పెద్దల దృష్టిలో పరువు గలవాడు ఒట్టు పెట్టుకోవలసి రావడమే తలవంపు. బిడ్డ తలమీద చెయ్యి వేయమంటేనూ, దీపం ఆర్పమంటేనూ మన పల్లెల్లో ఎంత పట్టింపు ఉండేదో వయసు మళ్లిన సభ్యులకు తెలుసు. ఈ గొడవకు విరుగుడు రావడానికి చాలాకాలం పట్టింది. 1753 నాటి కొత్త రాజపత్రం ప్రకారం ఈ దేశస్థులు తమలో తాము పడే దావాలను, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే తప్ప, మేయరు కోర్టు విచారించరాదు. 1840 నాటి చట్టం హిందువులకూ ముస్లిములకూ ప్రమాణం బదులు, సత్యమే చెబుతానన్న ధ్రువోక్తి చాలునంది. కోర్టువారు ‘ఈ మనిషికి సత్యం అంటే ఏ రూపంలో అర్థమవుతుంది?’ అని తమను తాము అడగడానికి నూరేళ్లు పట్టిందన్నమాట.

1802 ప్రాంతంలో జిల్లాల్లో కంపెనీ కోర్టులు వచ్చాయి. అప్పటి దృశ్యం ఊహించండి. బోనులో నిలబడినవాడు తెలుగు రైతు. పీఠం మీద ఇంగ్లీషు దొర. నేర విచారణలో వర్తించేది, కంపెనీవారు కొంత సవరించుకున్న ఇస్లామీయ శిక్షాస్మృతి. దానికి ఫత్వా ఇవ్వడానికి ముస్లిం న్యాయాధికారి ఉంటాడు. సివిలు వ్యవహారంలో దత్తతో వాటాయో వస్తే సంస్కృతంలోని ధర్మశాస్త్రం చూసి చెప్పడానికి పండితుడు ఉంటాడు. ఒక్క రైతు నోటిమాట మూడు నాలుగు భాషల గుండా నడిచి తీర్పుగా తిరిగివచ్చేది. ఆ తీర్పులో తన మాట ఎక్కడుందో ఆ రైతు గుర్తుపట్టగలిగాడా?

ఆ ప్రయాణంలో మాటలు ఎలా దారి తప్పుతాయో ఈనాటికీ మన భాషలో ఆనవాళ్లున్నాయి. ‘ముద్దాయి’ అంటే మనకు నేరం మోపబడినవాడు. అరబ్బీ మూలంలో ఆ మాటకు అర్థం దావా వేసినవాడు, అంటే వాది. ఎవరి మీద దావా వేశారో వాడికి అదే ధాతువు నుంచి పుట్టిన మరో పొడుగు మాట ఉంది. మన దగ్గరికి వచ్చేసరికి ఫిర్యాదు చేసినవాడి మాట కాస్తా బోనెక్కి కూర్చుంది! ‘రాజీనామా’ సంగతీ అంతే. రాజీ అంటే ఒప్పుదల, నామా అంటే పత్రం. ఆనాటి కోర్టుల్లో కక్షిదారులు సమాధానపడి దావా విరమించుకుంటూ రాసి ఇచ్చే కాగితం రాజీనామా. రైతు తన భూమిని వదులుకుంటూ కచేరీకి రాసి ఇచ్చేదీ రాజీనామాయే. ఇప్పుడు మనకు ఉద్యోగం వదులుకోవడం ఒక్కటే మిగిలింది. సమాధానపడడం జారిపోయింది.

ఈ కలగాపులగపు భాష ఎంత పెద్ద అడ్డంకో గ్రహించినవారు సి.పి. బ్రౌన్ దొరగారు. ఆయన్ని మనం వేమన పద్యాలకూ, నిఘంటువుకూ తలుచుకుంటాం. కాని ఆయన మచిలీపట్నం, రాజమండ్రి కోర్టుల్లో పనిచేసిన మనిషి. 1852లో పెద్ద నిఘంటువుతో బాటు, కోర్టుల్లోనూ కచేరీల్లోనూ వాడే అన్యదేశ్యాలకు ప్రత్యేకంగా జిల్లా నిఘంటువు అచ్చువేయించారు. అదే ఏడు వెలువడిన ఆయన తెలుగు వాచకంలో ఉన్నవి కావ్యాలు కావు, మామూలు జనం రాసుకున్న జాబులు, పోలీసు వ్యవహారాలు, శిస్తు వ్యవహారాలు. అర్జీ చదవలేని జడ్జికి ప్రబంధం ఎంత వస్తే ఏం లాభం?

ఇక గౌరవం తెచ్చినవారి సంగతి. వెన్నెలకంటి సుబ్బారావుగారు 1784లో పుట్టి 1839లో గతించారు. 1815 నుంచి 1829 వరకు మద్రాసు సదరు అదాలతులో అనువాదకులుగా, దుబాసీగా పనిచేశారు. తమ జీవితచరిత్రను తామే ఇంగ్లీషులో రాసుకున్నారు. అది 1873లో అచ్చయింది. భారతీయులు ఇంగ్లీషులో రాసుకున్న తొలి ఆత్మకథల్లో అదొకటి. 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీ సభ్యులై, బడుల్లో చదువు చెప్పే తీరులోని లోపాలను ఎత్తిచూపుతూ నివేదిక కూడా రాశారు. సదరు అదాలతు అంటే జిల్లాల నుంచి అప్పీళ్లు వచ్చే పెద్దకోర్టు. సాక్షి ముఖం అక్కడి జడ్జీలకు కనబడదు, గొంతు వినబడదు. వాళ్ల ముందుండేవి కాగితాలు, వాటి తర్జుమాలు. తర్జుమాలో జారిపోయిన మాట తీర్పులోంచి కూడా జారిపోయినట్టే. ఆ కుర్చీలో 14 ఏళ్లు కూర్చోవడం ఎటువంటి బరువో మాకు ఒక్క పూటలోనే తెలిసివచ్చింది.

రెండవవారు ఏనుగుల వీరాస్వామయ్యగారు. 1801లో మద్రాసులో ఏర్పడిన సుప్రీంకోర్టులో ఈయన దుబాసీ. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని, జీతం లేని ఉమేదువారీతో మొదలుపెట్టి పైకి వచ్చినవారు. ఈయన పేరు మనకు కాశీయాత్ర చరిత్ర వల్ల తెలుసు. 1830 మే 18న పరివారంతో మద్రాసులో బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, జగన్నాథాలు చూసుకొని 1831 సెప్టెంబరు 3న ఇంటికి చేరారు. ఆ దారి సంగతులన్నీ మిత్రులైన కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లగారి కోసం రాశారు. పిళ్లగారు వాటిని 1838లో, వీరాస్వామయ్యగారు పోయిన రెండేళ్లకు, అచ్చువేయించారు.

ఆ పుస్తకాన్ని మేము కాలేజీ రోజుల్లో యాత్రాగ్రంథమనే చదివాం. ఇప్పుడు తిరిగి చదివితే అది ఒక దుబాసీ కన్నుతో రాసినదని తోచింది. ఏ ఊళ్లో ఏ నాణెం చెల్లుతుందో, ఏ కొలత వాడతారో, ఏ మాట ఎలా పలుకుతారో, ఏ ఆచారం ఎంతవరకు ఉందో ఆయన గమనిస్తూ పోతారు. ఒక ఊరి శేరు మరో ఊరి శేరు కాదని తెలిసినవాడే సాక్షి ‘పది శేర్లు’ అన్నప్పుడు ఏ శేరని అడగగలడు. దుబాసీకి కావలసినవి రెండు భాషలు మాత్రమే కావు, రెండు లోకాల కొలతలు.

అయితే అంతా మన భాషలోనే, మన పెద్దల ఎదుటనే తేల్చుకుంటే ఈ బెడద ఉండదు గదా అని అడగవచ్చు. థామస్ మన్రోగారు కూడా అలాగే ఆలోచించారు. దత్తమండలాల్లో కలెక్టరుగా తిరిగి జనం భాష నేర్చినవారు ఆయన. ఆయన పట్టుబట్టగా 1816లో కొత్త శాసనాలు వచ్చాయి. పది రూపాయల లోపు దావాలకు గ్రామ మునసబు, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే గ్రామ పంచాయతీ. జిల్లా మునసబులకు రెండు వందల వరకు అధికారం. మునసబుల దగ్గరికి జనం వెళ్లారు. పంచాయతీలకు మాత్రం అంతగా వెళ్లలేదు. మా ఊహ ఏమంటే, ఊరి పెద్దకు కక్షిదారు భాష తెలుసు, ఆచారం తెలుసు, దానితోబాటు అతని కులం, పార్టీ, పాత పగలు కూడా తెలుసు. మరీ దగ్గరివాడి ఎదుట అందరూ నోరు విప్పలేరు. భాష తెలిసి ఉండాలి, పక్షపాతం లేదన్న నమ్మకమూ ఉండాలి. ఒకటి ఉండి రెండవది లేకపోతే మధ్యవర్తిత్వం నిలవదు.

కోర్టులు తెలివిగా నడుచుకున్న సందర్భమూ ఒకటి చెప్పాలి. మన రెడ్డి, కమ్మ కుటుంబాల్లో కొడుకులు లేనివారు అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకొని, సేద్యం చూసుకుంటే ఆస్తిలో వాటా ఇస్తామని ఒప్పుకునే ఆచారం ఉంది. అతడు దత్తపుత్రుడు కాడు, పుట్టింటి హక్కు పోదు. ఉత్త అల్లుడూ కాడు. ధర్మశాస్త్రంలో అతనికి సరిపడే పేరు లేదు, ఇంగ్లీషులో అసలే లేదు. 19వ శతాబ్దపు మద్రాసు హైకోర్టు జడ్జీలు దాన్ని దత్తత అని తర్జుమా చేసి చేతులు దులుపుకోలేదు. ఆచారం ఏమిటో సాక్ష్యం తీసుకొని, మన మాటనే ‘ఇల్లాటం’ అని తమ తీర్పుల్లో ఉంచి, దాని అర్థాన్ని దానికే వివరంగా రాశారు. తర్జుమాకు లొంగని మాటను లొంగదీయక, అలాగే తెచ్చి బల్లమీద పెట్టి వివరించడం అన్నిటికన్న మంచి పద్ధతి. ‘మావాడు’ అన్న మాట విషయంలో మేము చేయవలసినది సరిగ్గా అదే.

మనం ఉంటున్న దేశానికీ ఈ పాఠం కష్టం మీదనే అబ్బింది. 1967లో న్యూయార్క్ రాష్ట్రంలో ఇంగ్లీషు రాని ప్యూర్టోరికో కూలివాడొకడిని హత్యానేరానికి విచారించారు. సాక్షుల్లో ఎక్కువమంది ఇంగ్లీషులోనే చెప్పారు. దుబాసీ విరామ సమయాల్లో పది ఇరవై నిమిషాలు సారాంశం మాత్రం చెప్పింది. తన మీద ఎవరేమన్నారో తెలియకుండా కూర్చున్నవాడికి న్యాయం జరిగినట్టు కాదని 1970లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. 1978లో ఫెడరల్ కోర్టు దుబాసీల చట్టం వచ్చింది. ఆ తీర్పు సంగతి చదివినప్పుడు ‘సారాంశం’ అన్న మాట దగ్గర మాకు బాబాయిగారి గొంతు వినిపించింది.

రెండవసారి కూర్చున్నప్పుడు మేము ముందే మధ్యవర్తికి విన్నవించుకున్నాం. కిందటిసారి కుదించి చెప్పామనీ, అది మా పొరపాటనీ, ఈసారి ఆయన చెప్పినదంతా చెబుతామనీ అన్నాం. ఆమె సరేనన్నారు. బాబాయిగారు మళ్లీ తాత దగ్గర మొదలుపెట్టారు. నాలుగు మాటలకొకసారి ఆపి, ఆయన ‘నేను’ అంటే మేమూ ‘నేను’ అనే చెప్పాం. కుర్రవాడు తిన్న పెసరట్టు కూడా వదల్లేదు. ‘మావాడు’ దగ్గర ఆ తెలుగు మాటే చెప్పి, ‘ఇది నా వివరణ, ఆయన మాట కాదు’ అని ముందుగా అని, ఇది రక్తసంబంధానికే కాదు, ఒకే సీమవాడికి కూడా వాడతామని చెప్పాం. వడ్డీ మాట వచ్చినప్పుడు ఆమె కలం ఆగింది. ‘ఇది నిజమేనా?’ అని కుర్రవాణ్ణి అడిగారు.

అతడు కాసేపు బల్లకేసి చూశాడు. మొదటిసారి కూడా ఆ మాట తెలుగులో విన్నవాడే గదా. తరువాత తలెత్తి, ఇంగ్లీషులో కాదు, తెలుగులో, ‘నిజమే బాబాయ్’ అన్నాడు. దాన్నీ మేము అనువదించాం. నెలనెలా వాయిదాల్లో ఇచ్చేటట్టు కాగితం రాసుకున్నారు. అది అసలైన రాజీనామా అనుకున్నాం.

మన సంఘంలో ఆసుపత్రికో, కోర్టుకో, బడికో తోడు రమ్మని అడిగితే కాదనలేని సభ్యులు చాలామంది ఉన్నారు. వారికి మా మనవి ఇంతే. చెప్పినదంతా చెప్పండి. చెప్పనిది కలపకండి. ఆచారం వివరించవలసి వస్తే అది మీ వివరణ అని విడిగా చెప్పండి. బంధువైనా, పక్షం ఉన్నా ఆ కుర్చీలో కూర్చోకండి. చదువుకున్నవాళ్లం కనుక తాత్పర్యం మనకే తెలుసునన్న ధీమా మాత్రం గుమ్మం బయట చెప్పులతోబాటు విడిచి వెళ్లండి.

బాబాయిగారికి మొదటి వాయిదా అందింది. మొన్న కనబడి, ‘ఈసారి బాగానే చెప్పావు’ అన్నారు. పావుగంట మాటకు ఆయన ఒక్క ముక్కలో చేసిన తర్జుమా అది. ఆ అధికారం ఆయనకు ఉంది.